పోస్టులో ఫుట్‌బాల్ కార్డుల మీద సంతకాలు: మన దిక్కు ఎవరన్నా చేస్తున్నరా?

సుబేదారి_నాన్న · జూన్ 30, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది హన్మకొండ. మా చిన్నోడు ఆరో తరగతి. వాడికి మూడేండ్ల నుంచి కార్డుల పిచ్చి. చేతిల చిల్లర పెడితే చాక్లెట్ కొనడు, మ్యాచ్ అట్టాక్స్ ప్యాకెట్ కొంటడు. ఫిబ్రవరి మొదటి వారంల ఒకరోజు వచ్చి, "నాన్నా, కార్డు పంపితే ఆటగాళ్లు సంతకం పెట్టి మళ్ల మనకే పంపుతరంట" అన్నడు. జర్మనీ లీగుల ఆడే ఒక గోల్‌కీపర్ అంటే వానికి ప్రాణం. సరే, పోతే ఒక కార్డు పోతది అనుకొని క్లబ్బు చిరునామాకు పంపినం. లోపల పెట్టిన ఇంకో కవరు మీద మా ఇంటి చిరునామా వాడే రాసిండు.

మార్చి పోయింది, పరీక్షలు అయినయ్, ఎండకాలం సెలవులు కూడ అయిపోయినయ్. ఇద్దరం మర్చిపోయినం. మొన్న శనివారం గేటు లోపల, వానకు అంచులు తడిసి, ఒక కవరు పడి ఉంది. మా వాడు చూడంగనే ముఖం చిన్నబుచ్చుకున్నడు. పైన ఉన్నది వాని చేతిరాతనే కదా, పంపిన ఉత్తరం చేరక తిరిగొచ్చింది అనుకున్నడు. నేను పట్టుకొని చూస్తే లోపల గట్టిగ తగిలింది. పైన జర్మనీ స్టాంపు. కత్తెరతోని అంచు సన్నగ కత్తిరించి తీసినం. మేం పంపిన కార్డే. దాని మీద నీలం మార్కర్‌తోని సంతకం, ఆటగాని మోకాలి కాడి నుంచి భుజం దాక ఏటవాలుగ. దాంతోపాటు పోస్టుకార్డంత ఫొటో ఒకటి, దాని మీద కూడ సంతకం.

ఆ రాత్రి కార్డును దిండు కింద పెట్టుకొని పడుకుంటనన్నడు. నేనే తీసి అలమార పైఅరల పెట్టిన.

ఇగ ఇప్పుడు ఇంకో ఐదుగురికి రాయాలంటున్నడు. తిరుగు కవరుకు మేం స్టాంపు పెట్టలే, వాళ్లే దయతోని అతికించి పంపిన్రు. ప్రతిసారి అట్ల ఆశపడుడు బాగుండదు. వేరే దేశపు స్టాంపు మనకు ఎట్ల దొరుకుతది? ఏ పెన్ను మంచిది? వచ్చిన కార్డు ఎట్ల దాచాలె? తెలిసినోళ్లు చెప్పున్రి.

ఖని_లెఫ్ట్‌వింగ్ · జూన్ 30, రాత్రి 9:47

అన్నా, మా ఇంటికి మొదటి కవరు వచ్చిన రోజు యాదికొచ్చింది. నాది గోదావరిఖని. ఆరేండ్లల్ల 41 ఉత్తరాలు పంపిన, 13 తిరిగొచ్చినయ్. ఆ 13లో ఏది ఏ రోజు వచ్చిందో అడిగితే ఇప్పటికీ చెప్త.

మీకొచ్చిన పెద్ద ఫొటో ఉంది కదా, దాన్ని జర్మనోళ్లు ఆటోగ్రామ్‌కార్టె అంటరు. అక్కడి క్లబ్బులు సీజన్ సీజన్‌కు ఒక్కో ఆటగాని ఫొటోతోని అచ్చేయిస్తయ్, అభిమానులు రాస్తే పంపుతయ్. వాళ్ల దగ్గర ఇది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. కొత్తగ మొదలుపెట్టేటోళ్లు జర్మనీ నుంచి మొదలుపెట్టున్రి అని నేను అందుకే చెప్త. ఒక్కటి చూసుకోవాలె. కొన్నిటి మీద సంతకం ఫొటోతోపాటే అచ్చయి వస్తది. భూతద్దం పెట్టి చూడు. అచ్చుదైతే గీతల్ల సన్నసన్న రంగు చుక్కలు కనిపిస్తయ్. చేతితోని పెట్టిందైతే గీత నిండుగ ఉంటది, లైటు కింద అటూఇటూ వంచితే సిరా మెరుపు వేరేగ కనిపిస్తది.

సుబేదారి_నాన్న · జూన్ 30, రాత్రి 10:20

ఇప్పుడే చూసినం తమ్మీ. ఫొటో మీదిది చుక్కలు చుక్కలుగనే ఉంది, అచ్చుదే. కార్డు మీదిది మాత్రం నిండు గీత. సంతకం ఆఖరుకు వచ్చేటప్పటికి మార్కర్ ఎండినట్టు రెండు పాయలుగ చీలింది, అది కూడ కనిపిస్తుంది. మా వాడు ఇంకా పడుకోలే.

రిటైర్డ్_పోస్టుమాస్టర్ · జూలై 1, ఉదయం 6:35

బాబూ, నేను తపాలా శాఖలో పనిచేసి రిటైరైన మనిషిని. ఆట సంగతి నాకు తక్కువ. కవరు సంగతి చెప్తాను.

మన స్టాంపు పరాయి దేశంలో చెల్లదు కాబట్టి, 1906లో రోమ్‌లో జరిగిన ప్రపంచ తపాలా సంఘం మహాసభ ఒక ఉపాయం చేసింది. దాని పేరు అంతర్జాతీయ రిప్లై కూపన్. ఉత్తరంలో ఆ కూపన్ పెట్టి పంపితే, అందుకున్నవారు తమ పోస్టాఫీసులో ఇచ్చి, మామూలు బరువున్న విదేశీ ఉత్తరానికి సరిపడా స్టాంపులు తీసుకోవచ్చు. ఒక దేశంలో ఈ కూపన్ చవక, ఇంకో దేశంలో విలువ ఎక్కువ, ఆ తేడాతో లాభం చేసి పెడతానని 1920లో బోస్టన్‌లో చార్లెస్ పోంజి అనే ఆయన జనం డబ్బు పోగుచేసి ముంచాడు. పేపర్లలో చదివే పోంజి స్కీము అన్న మాట అట్లా పుట్టింది. ఇప్పుడు కూపన్ వాడకం బాగా పడిపోయింది. అమెరికా తపాలా శాఖ 2013లోనే అమ్మడం మానేసింది. పైగా క్లబ్బు ఆఫీసులో ఉండే ఉద్యోగి మీ కూపన్ పట్టుకొని పోస్టాఫీసుకు పోయి లైనులో నిలబడాలి. ఆ దేశంలో మనవాళ్లు ఎవరైనా ఉంటే అక్కడి స్టాంపులే తెప్పించుకోవడం మేలు. ఇవాళ రేపు మనదిక్కు ప్రతి వాడకట్టులో ఒక ఇంటివాళ్లు విదేశంలో ఉన్నారు కదా.

ఇక బరువు. విదేశీ ఉత్తరానికి మొదటి మెట్టు 20 గ్రాములు. అది దాటితే రుసుము పైమెట్టుకు పోతుంది. 80 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 80 గ్రాములు తూగే ఏ4 కాగితం ఒక్కటి 5 గ్రాములు, ఎందుకంటే 16 ఏ4 కాగితాలు కలిస్తే ఒక చదరపు మీటరు. కార్డు ఒక్కోటి 2 గ్రాముల లోపే ఉంటుంది. పొడుగు కవరు 5 గ్రాములు అనుకోండి. పై కవరు, లోపలి కవరు, ఒక కాగితం, రెండు కార్డులు, మొత్తం 19 దగ్గర ఆగుతుంది. మూడో కార్డు పెట్టినా, రెండో కాగితం పెట్టినా దాటిపోతుంది. ఇంట్లో అంచనా వేసి డబ్బాలో పడేయకండి. హెడ్ పోస్టాఫీసు కౌంటర్‌లో తూకం వేయించండి.

తిరుగు కవరు మీద చివరి లైనులో ఇండియా అని ఇంగ్లిషు పెద్ద అక్షరాల్లో రాయండి. జర్మనీకి రాసేటప్పుడు ఊరిపేరు ముందు ఐదంకెల కోడ్ వస్తుంది, మన లెక్క పేరు తర్వాత కాదు. పిల్లలు అక్కడ తప్పు చేస్తారు.

డాలస్_హన్మకొండోడు · జూలై 1, ఉదయం 7:50

పెద్దాయనకు నమస్తే. నేను హన్మకొండ నుంచి వచ్చి డాలస్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాను. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే ఆ కోలబంతి ఆట. పోస్టులో కార్డులు పంపి సంతకాలు తెప్పించుకోవడం ఈ దేశంలో తాతల కాలం నుంచి ఉంది. మా పక్కింటి ముసలాయన దగ్గర చెప్పుల డబ్బాల నిండా ఉన్నాయి. నాకు నేర్పింది ఆయనే.

ఆయన చెప్పిన మొదటి మాట కాలం చూసుకోమని. ఈ ఆట పెద్ద లీగు ఎన్‌ఎఫ్‌ఎల్. దాని జట్ల శిక్షణ శిబిరాలు జూలై చివర్లో మొదలవుతాయి. ఆటగాళ్లంతా ఒకచోట ఉంటారు, సాయంత్రాలు కొంచెం తీరిక ఉంటుంది. మా డాలస్ కౌబాయ్స్ అయితే కాలిఫోర్నియాలో ఆక్స్‌నార్డ్ అనే ఊరికి పోతారు. సీజన్ నడుమ పంపిన ఉత్తరాలు సంచుల్లోనే ఉండిపోతాయి. రెండోది, పెద్ద పేరున్నవాళ్ల వెంట పడవద్దని. బంతి విసిరేవాడికి రోజుకు ఎన్ని ఉత్తరాలొస్తాయో లెక్కలేదు. వాడి ముందు నిలబడి దెబ్బలు కాచే లైన్‌మన్‌కు ఎవరూ రాయరు. మనం రాస్తే చదువుతాడు, సంతకం కింద జెర్సీ నంబరు కూడా వేసి పంపుతాడు. రిటైరైనవాళ్లు ఇంకా నయం.

మీ సాకర్‌కూ, అంటే మన ఫుట్‌బాల్‌కూ, ఇదే వర్తిస్తుంది అనుకుంటున్నాను. ట్రాన్స్‌ఫర్ల కాలంలో రాస్తే ఉత్తరం చేరేసరికి ఆటగాడు వేరే క్లబ్బులో ఉంటాడు. ఇంకోటి, ఉత్తరం స్టేడియానికి కాక రోజూ సాధన చేసే చోటికి రాయండి. లివర్‌పూల్ వాళ్లు రోజూ పోయేది ఆన్‌ఫీల్డ్ స్టేడియానికి కాదు, కిర్క్‌బీలోని శిక్షణ కేంద్రానికి.

స్టాంపుల సంగతి: అమెరికా వాళ్లకు రాసేవాళ్లుంటే ఇక్కడ గ్లోబల్ ఫరెవర్ అనే స్టాంపు దొరుకుతుంది. 2013లో వచ్చింది, ఆ మొదటివి గుండ్రంగా బిళ్లలా ఉండేవి. ఒకటి అతికిస్తే ఒక ఔన్సు, అంటే 28 గ్రాముల ఉత్తరం ఏ దేశానికైనా పోతుంది. తర్వాత ధర పెరిగినా పాతది చెల్లుతుంది. దసరాకు వస్తున్నాను, ఒక షీటు తెస్తాను. బాబు పేరు మీద ఇచ్చిపోతాను అన్నా.

ఖని_లెఫ్ట్‌వింగ్ · జూలై 1, ఉదయం 8:15

స్టాంపుల మీద నా గోస ఒకటి చెప్త, ఇంకొకరికి కావద్దు. ఇంగ్లండ్ క్లబ్బులకు ఆరు కవర్లు ఒక్కసారి పంపిన. తిరుగు కవర్లకు రాణి బొమ్మ ఉన్న పాత స్టాంపులు, ఒక స్టాంపుల దుకాణంల కొన్నవి, మంచిగ అతికించిన. ఒక్కటి రాలే. తర్వాత తెలిసింది, బ్రిటన్‌ల 2023 జూలై 31 దాటినంక బార్‌కోడ్ లేని మామూలు రాణి బొమ్మ స్టాంపులు చెల్లవు. చిత్రాలున్న ప్రత్యేక స్టాంపులు, క్రిస్మస్ స్టాంపులు బార్‌కోడ్ లేకున్నా చెల్లుతయ్. ఆ ఆరు కార్డుల్ల రెండు మా తమ్మునియి. వానికి ఇప్పటికీ బాకీ ఉన్న.

జగిత్యాల_ఆల్బమ్ · జూలై 1, మధ్యాహ్నం 1:30

పెన్ను, దాచుడు గురించి నేను చెప్త.

బాల్ పెన్ను వద్దు. నున్నటి కార్డు మీద జారుతది, గీత పడదు, గట్టిగ ఒత్తితే కార్డు మీద గాటు పడుతది. షార్పీ లాంటి సన్నమొన పర్మనెంట్ మార్కర్ కావాలె. నల్ల జెర్సీ ఉన్న కార్డుకు వెండి రంగుది, మిగతావాటికి నీలం. నల్ల సిరా అచ్చు లెక్క కనిపిస్తది, నీలం చేతితోని పెట్టినట్టు కనిపిస్తది.

అద్దం లెక్క మెరిసే కార్డులు, క్రోమ్ అంటరు చూడు, వాటి మీద మార్కర్ సిరా కూడ బొబ్బలు బొబ్బలుగ విరిగిపోతది. పంపేముందు పిల్లలకు రాసే పౌడర్ చిటికెడు కార్డు మీద చల్లి మెత్తటి బట్టతోని గుండ్రంగ రుద్ది, మొత్తం తుడిచేయాలె. మీద ఉన్న జిడ్డు పోతది, సిరా పట్టుకుంటది. ముందు పనికిరాని కార్డు మీద ప్రయత్నం చేసి చూడున్రి.

ఇగ దాచుడు. నా దగ్గర ఉన్నయ్‌ల్ల మంచి కార్డు ఒకటి, మన దేశం టీము ఆటగాడు సంతకం పెట్టింది, పెండ్లి ఫొటోలు పెట్టుకునే ప్లాస్టిక్ ఆల్బమ్‌ల పెట్టిన. రెండు వానాకాలాలు పోయినంక తీస్తే కార్డు ప్లాస్టిక్‌కు అతుక్కుంది. మెల్లమెల్లగ ఊడదీస్తే సంతకం సగం అవతలి దిక్కు, ప్లాస్టిక్ మీద, అద్దంల చూసినట్టు ఎడమ కుడి తిరగబడి వచ్చింది. అది పీవీసీ ప్లాస్టిక్. దాంట్ల మెత్తదనం కోసం కలిపే మందు సిరాను లాగేస్తది. ఆ ముక్క ఇంకా పారేయలే, కార్డు పక్కనే పెట్టుకున్న. పాలీప్రొపిలీన్ తొడుగులు అని అడిగి కొనున్రి. తొడుగుల పెట్టి, దాన్ని గట్టి ప్లాస్టిక్ డబ్బీల పెట్టి, ఎండ తగలని బీరువాల పెట్టాలె. గోడకు ఫ్రేం కట్టి కిటికీ ఎదురుగ పెడితే రెండేండ్లల్ల సంతకం వెలిసిపోతది.

పోస్టులో పంపేటప్పుడు మాత్రం గట్టి డబ్బీ వద్దు. ముద్ర మిషన్ల ఇరుక్కుంటది. కార్డు సైజుకు కత్తిరించిన రెండు అట్టముక్కల నడుమ పెట్టు, చాలు.

డాలస్_హన్మకొండోడు · జూలై 1, మధ్యాహ్నం 2:05

ఇక్కడ కూడా అంతే. కవరు వంగకుండా గట్టిగా ఉంటే మిషన్‌లో పోదని అదనపు రుసుము వేస్తారు. సన్న అట్టే మంచిది.

కరీంనగర్_డిఫెండర్ · జూలై 1, సాయంత్రం 6:40

నేను కొత్త. ఇంటర్ సెకండియర్. పోయిన ఏడు 30 ఉత్తరాలు పంపిన, అన్నీ పెద్ద పెద్ద ఆటగాళ్లకు. ఒకటే ఉత్తరం టైపు చేసి పేరు మార్చి ప్రింట్ తీసిన. ఒక్కోదాంట్ల నాలుగు కార్డులు పెట్టిన. ఒక్కటి రాలే. పాకెట్ మనీ అంత పోయింది. తప్పు ఎక్కడ జరిగిందో ఎవరన్నా చెప్పరా?

ములుగు_టీచరక్క · జూలై 1, రాత్రి 8:25

తమ్ముడూ, మనసు కష్టపెట్టుకోకు. అడిగావు కాబట్టి చెప్తున్నాను. నాలుగు కార్డులు పెడితే చదివేవాళ్లకు నువ్వు అమ్ముకుంటావేమో అనిపిస్తుంది. ఒకటి, మహా అయితే రెండు. ఒకటి సంతకానికి, రెండోది మీరే ఉంచుకోండి అని రాస్తే ఇంకా బాగుంటుంది. చాలామంది ఆటగాళ్ల దగ్గర తమ కార్డు ఉండదు.

ఉత్తరం చేతితో రాయి. నేను ఎనిమిదో తరగతి పిల్లలకు ఇంగ్లిషు చెప్తాను. ఉత్తరం రాయడం పాఠంగా చెప్పి చెప్పి విసిగి, మూడేళ్ల కింద పిల్లలతో నిజంగా రాయించడం మొదలుపెట్టాను. వాళ్లు రాసినవాటిలో నేను అక్షరదోషాలు కూడా దిద్దను. ఒక అమ్మాయి ఇట్లా రాసింది: "మా బడికి గ్రౌండు ఉంది కానీ వానాకాలంలో అందులో నాట్లు వేసినట్టు నీళ్లు నిలుస్తాయి. అప్పుడు మేం వరండాలో గుడ్డబంతితో ఆడతాం. మీరు చిన్నప్పుడు దేనితో ఆడారు?" ఆ ఉత్తరానికి జవాబు వచ్చింది. సంతకం పక్కన ఒక్క ముక్క రాసి ఉంది, సాక్స్ అని. సాక్సులు చుట్టి బంతి చేసుకునేవాడట. మా తరగతి గోడకు ఇంకా ఉంది ఆ కార్డు, ఎండ తగలని గోడకే.

పొగడ్తలు ఒక్క వాక్యం చాలు. నీ గురించి రెండు వాక్యాలు, అతని ఆటలో నువ్వు గమనించింది ఒకటి, అడగాల్సింది ఒకటి. ఒక్క పేజీ. సుబేదారి నాన్నగారూ, మీ వాడు ఏం రాశాడో చెప్పండి, వినాలనుంది.

సుబేదారి_నాన్న · జూలై 1, రాత్రి 9:10

అక్కా, వాడు పంపేముందు నకలు రాసిపెట్టుకున్నడు, చూసి చెప్తున్న. "నేను కూడా గోల్‌కీపర్. మా కాలనీలో ఖాళీ ప్లాటు ఉంది. రెండు ఇటుకలు గోల్ పోస్టులు. నేను కుడివైపు బాగా దూకుతాను, ఎడమవైపు భయం, అక్కడ కంకర ఉంది. పెనాల్టీ అప్పుడు మీరు ముందు ఏం చూస్తారు? బంతినా, కాలునా, కళ్లనా?"

దానికి జవాబు రాలే, సంతకమే వచ్చింది. ఇప్పటికీ అడుగుతుంటడు, ఆయన ఏం చూస్తడు నాన్నా అని. నాకేం తెలుసు.

ఖని_లెఫ్ట్‌వింగ్ · జూలై 1, రాత్రి 9:30

ఎడమవైపు కంకర ఉంది అన్న మాట చదివి నవ్వొచ్చింది, కండ్లల్ల నీళ్లు కూడ వచ్చినయ్ అన్నా. మా ఖనిల గ్రౌండు అంత కంకరనే. మోకాళ్ల మీద మచ్చలు ఇంకా ఉన్నయ్.

జగిత్యాల_ఆల్బమ్ · జూలై 2, ఉదయం 10:05

ఇంకో జాగ్రత్త. ఆటోపెన్ అని ఒక యంత్రం ఉంటది, ఆటగాని సంతకాన్ని నమూనా తీసుకొని అదే గీస్తది. పెన్ను అసలుదే, సిరా అసలుదే, చెయ్యి మాత్రం మనిషిది కాదు. భూతద్దానికి దొరకదు. నాకు, పెద్దపల్లిల ఒక దోస్తుకు ఒకే ఆటగాని సంతకాలు వేరువేరు నెలల్ల వచ్చినయ్. రెండు కలిపి కిటికీ అద్దానికి ఆనించి వెలుతురుల చూసినం. వెంట్రుకవాసి తేడా లేకుండ ఒకదాని మీద ఒకటి కూర్చున్నయ్. ఏ మనిషి కూడ రెండుసార్లు అచ్చం ఒక్కతీరు సంతకం పెట్టలేడు. ఇంకో గుర్తు, యంత్రం గీత మొదట్ల, చివర్ల పెన్ను ఆగి చుక్క లెక్క సిరా ముద్ద కడుతది. మనిషి చెయ్యి గీతను ఈడ్చి వదిలేస్తది, తోక సన్నబడుతది. మీ వాని కార్డు మీద సిరా రెండు పాయలుగ చీలింది అన్నరు కదా, అది చేయే.

మంచిర్యాల_ట్రేడర్ · జూలై 2, మధ్యాహ్నం 12:15

మంచి ధర వస్తే అమ్ముకోవచ్చు కదా? పీఎస్ఏ, బెకెట్ లాంటివాళ్లు సంతకం పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తరు. సర్టిఫికెట్ ఉంటే విలువ వేరే. కంపెనీ ప్యాకెట్లల్ల వచ్చే సంతకం కార్డులు వేలకు వేలు పోతున్నయ్.

ములుగు_టీచరక్క · జూలై 2, మధ్యాహ్నం 1:00

ప్యాకెట్‌లో వచ్చింది మీరు డబ్బు పెట్టి కొన్నది, అమ్ముకోండి, ఎవరూ కాదనరు. ఒక పసివాడు ప్రశ్న అడిగితే, ఆటగాడు అతని పేరు చూసి ఉచితంగా పెట్టిచ్చిన సంతకం అమ్మడం నాకు నచ్చదు. నిజానికి అమ్మేవాళ్లు ఎక్కువై చాలామంది ఆటగాళ్లు సంతకం పెట్టడమే మానేశారు. అందుకే నేను పిల్లలతో, మీ పేరు రాయమని అడగండి అని చెప్తాను. పేరు రాసిన కార్డు బజారులో తక్కువకు పోతుంది, ఇంట్లో ఎక్కువకు నిలుస్తుంది.

మంచిర్యాల_ట్రేడర్ · జూలై 2, మధ్యాహ్నం 1:20

అక్కా, మీరు చెప్పింది ఒప్పుకుంట. నేను ప్యాకెట్ కార్డుల గురించే అన్న.

నిర్వాహకుడు · జూలై 2, సాయంత్రం 5:00

ఒక్క మనవి. క్లబ్బుల చిరునామాలు పంచుకోవచ్చు. ఆటగాళ్ల ఇంటి చిరునామాలు ఇక్కడ పెట్టవద్దు. పెట్టిన ఒక పోస్టు తీసేశాను.

కాజీపేట_లోకోషెడ్ · జూలై 2, రాత్రి 10:40

రెండ్రోజుల నుంచి చదువుతున్నాను. ఒక మాట చెప్పాలని ఉంది.

మనం జర్మనీకి రాస్తున్నాం, ఇంగ్లండుకు రాస్తున్నాం, మంచిదే. అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం గారు 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మన దేశం ఫుట్‌బాల్ జట్టుకు ఆడారు. రోమ్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టారు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చిన జట్టులో ఉన్నారు. ఆ జట్టును తయారుచేసింది మన హైదరాబాద్ కోచ్ రహీం సాబ్. ఆ పతకం గెలిచిన మరుసటి ఏడాదే ఆయన పోయారు. బలరాం గారు చివరికాలం బెంగాల్‌లో ఉత్తరపాడాలో ఉన్నారు. ఆయనకు ఉత్తరం రాయాలని నేను రెండుసార్లు కాగితం ముందు పెట్టుకొని కూర్చున్నాను. ఇంగ్లిషులో రాయాలా, తెలుగులో రాయాలా అని ఆగిపోయాను. 2023 ఫిబ్రవరి 16న ఆయన పోయారు. అదే ఏడాది ఆగస్టు 15న మహమ్మద్ హబీబ్ గారు పోయారు, 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున ఆడిన మనిషి. ఆయన ఉన్నది హైదరాబాద్‌లోనే. ఐదు రూపాయల కవరు చాలు. నేను రాయలేదు.

వీళ్లకు కార్డులు లేవు, సంతకం దేని మీద పెట్టించుకోవాలి అని అప్పుడు సాకు చెప్పుకున్నాను.

మా బాపు రైల్వేలో చేసిండు. కాజీపేటలో రైల్వే టీముకు పన్నెండేళ్లు గోల్‌కీపర్. ఇప్పుడు 78. ఆయన సంతకం ఎవరూ అడిగి ఉండరు, జీతం రిజిస్టరులో తప్ప.

నిజామాబాద్_రైట్‌బ్యాక్ · జూలై 3, ఉదయం 7:20

అన్నా, మీరు చెప్పింది నిన్న రాత్రి నుంచి మనసుల తిరుగుతుంది. మా జిల్లా బిడ్డ గుగులోత్ సౌమ్య ఇండియా టీముకు ఆడుతుంది, క్రొయేషియా పోయి డైనమో జాగ్రెబ్‌కు కూడ ఆడొచ్చింది. మా దగ్గర తండాల్ల పిల్లలు ఆమె పేరు చెప్పి గ్రౌండుకు వస్తరు. ఒక్క దుకాణంల కూడ ఆమె కార్డు చూడలే. కార్డు లేకుంటే మనమే చేసుకుందాం. కార్డు సైజు రెండున్నర అంగుళాలు, మూడున్నర అంగుళాలు. 300 జీఎస్ఎం మ్యాట్ కాగితం మీద ఫొటో స్టూడియోల ప్రింట్ తీస్తరు. మ్యాట్ అయితే సిరా మంచిగ పడుతది, పౌడర్ కూడ అక్కర లేదు. అమ్మకానికి కాకుండ, మనం సంతకం పెట్టించుకునేటందుకే. మా బడి పిల్లలతోని ఆమె క్లబ్బుకు రాయిస్త.

సుబేదారి_నాన్న · జూలై 3, రాత్రి 9:00

కాజీపేట అన్నా, మీ పోస్టు మా వానికి చదివి వినిపించిన. తాత గోల్‌కీపరా అని రెండుసార్లు అడిగిండు. మీకు అభ్యంతరం లేకుంటే బాపు ఆడినప్పటి ఫొటో ఒకటి పంపుతరా? మా వాడు కార్డు చేస్తనంటున్నడు.

కాజీపేట_లోకోషెడ్ · జూలై 4, ఉదయం 6:15

1979లో టీమంతా నిలబడి దిగిన ఫొటో ఒకటే ఉంది అన్నా. బాపు చివర్లో, చేతిలో బంతి. ఫోన్‌తో తీసి పంపాను. బాపుకు చెప్పలేదు. ఉత్తరం పోస్టులోనే రానివ్వండి, చేతికి ఇవ్వకండి.

రిటైర్డ్_పోస్టుమాస్టర్ · జూలై 4, ఉదయం 8:30

కాజీపేట పిన్ 506003. మీది సుబేదారి కాబట్టి మీ తిరుగు కవరు మీద 506001 వేయండి. పోస్టాఫీసులో ఐదు రూపాయల ముద్ర ఉన్న కవర్లే దొరుకుతాయి, రెండు కొనండి, స్టాంపు అతికించే పని కూడా లేదు. తాత కళ్లకు ఆనేటట్టు బాబును పెద్ద అక్షరాలతో రాయమనండి.

సుబేదారి_నాన్న · జూలై 7, రాత్రి 8:45

ఈ రోజు పొద్దున పోస్టు చేసినం. చౌరస్తా కాడ స్టూడియోల కార్డు ప్రింట్ తీయించినం. ముందు దిక్కు తాత ఫొటో, నడుము నుంచి పైకి. వెనుక దిక్కు మా వాడు కంప్యూటర్ల పట్టిక చేసిండు, మ్యాచ్ అట్టాక్స్ లెక్క: టీము, స్థానం, ఆడిన ఏండ్లు. గోల్స్ అన్న గడి కాడ ఏం రాయాలె అని ఆలోచించి, ఆపినవి చాలా అని రాసిండు. రెండు కార్డులు పెట్టినం, ఒకటి తాతకే. లోపల సన్న మార్కర్ కూడ పెడితే బరువు ఎక్కుతదని పెట్టలే.

కాజీపేట_లోకోషెడ్ · జూలై 10, రాత్రి 9:50

కవరు ఈ రోజు వచ్చింది. పోస్టుమాన్ బాపు పేరు పిలిస్తే పెన్షన్ కాగితం అనుకుండు. కార్డు చేతిలో పట్టుకొని చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అద్దాలు తెమ్మన్నడు. ఉత్తరం మూడుసార్లు చదివిండు. పాత క్యాలెండర్ కాగితం వెనుక సంతకం రాసి చూసుకున్నడు, ఒకటి, రెండు, పదిహేను దాకా. చెయ్యి కొద్దిగా వణుకుతది. ఇయ్యాల వద్దు, రేపు పొద్దుగాల పెడ్త, పొద్దున చెయ్యి మంచిగుంటది అన్నడు.

పక్కన ఉన్న మనవడితో అన్నడు, "ఎడమవైపు కంకర ఉన్నదంట పిల్లగానికి."

సుబేదారి_నాన్న · జూలై 15, రాత్రి 8:10

వచ్చింది. వానికి ఈసారి తన చేతిరాత చూసి భయం కాలే, గేటు కాడనే చింపబోతే వాళ్ల అమ్మ ఆపింది.

కార్డు మీద తెలుగుల సంతకం, కింద తేదీ. సంతకం మొదటి అక్షరం గట్టిగ, చివరి అక్షరం సన్నగ. దాంతోపాటు రూళ్ల కాగితం మీద ఉత్తరం. తాత అనుమతితోని ఉన్నది ఉన్నట్టు రాస్తున్న:

"చిరంజీవికి ఆశీస్సులు. నువ్వు జర్మనీ ఆయన్ని అడిగిన ప్రశ్న మా వాడు చెప్పిండు. కొట్టే కాలు చూడకు. కళ్లు అసలే చూడకు, మోసం చేస్తరు. బంతి పక్కన నేల మీద ఆనించిన కాలు చూడు. దాని బొటనవేలు ఎటు చూపిస్తే బంతి చానసార్లు అటే పోతది. కంకర మీద దూకేటప్పుడు మోచెయ్యి ముందు పెట్టకు, పక్కటెముకల కింద కండ మీద పడు. మొదట ఇసుక మీద నేర్చుకో. ఎడమవైపు ఎన్ని ఆపినవో రాయి."

సాయంత్రం నుంచి వాడు ప్లాటు కాడనే ఉన్నడు. పక్కింట్ల ఇల్లు కడుతున్నరు, వాళ్లను అడిగి రెండు తట్టల ఇసుక ఎడమవైపు పోసుకున్నడు. నేను కొడుతుంటే నా ఎడమ కాలి బొటనవేలే చూస్తున్నడు. పదింట్ల నాలుగు ఆపిండు. ఇప్పుడు ఆ సంగతి రాయనీకి కాగితం తీసుకొని కూర్చున్నడు, ఐదు రూపాయల కవర్లు ఇంకో పది తెమ్మంటున్నడు.